మార్కో పోలో రామప్ప గుడిని చూడనే లేదు! మరి ఆ 'గెలాక్సీ' డైలాగ్ ఎవరిది?

మధ్యయుగంలో బతుకుతున్న మనిషి తన కాలాన్ని తానే 'మధ్యయుగం' అని పిలుచుకుంటాడా? అదొక్కటి చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకు అడుగుతున్నానంటే, మొన్నటి వీడియోలో నేను రామప్ప గురించి చెబుతూ మధ్యలో ఒక మాటన్నాను, మార్కో పోలో పేరు మీద తిరిగే ఆ పొగడ్త ఉత్తదే అని. అంతే, కింద కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. 'మన గుడిని మనమే తక్కువ చేసుకుంటామా', 'నువ్వు పెద్ద చరిత్రకారుడివా', 'యునెస్కో వాళ్లకి తెలియనిది నీకు తెలుసా'. ఒకాయనైతే మా ఊరి పేరు కూడా తీశాడు, దానికీ దీనికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సరే, తిట్టారు కాబట్టి ఈసారి పూర్తి వీడియోనే చేస్తున్నా. మళ్లీ అదే మాట, ఇంకొంచెం గట్టిగా: మార్కో పోలో రామప్ప గుడికి రాలేదు. చూడలేదు. పొగడలేదు. ఆ వాక్యం ఆయన పుస్తకంలో లేదు.

ఏ వాక్యమో అందరికీ తెలుసు. 'దక్కన్ దేవాలయాల గెలాక్సీలో అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రం.' రీల్స్‌లో అదే, టూర్ ప్యాకేజీల పోస్టర్లలో అదే, స్కూలు పిల్లల ప్రాజెక్టు వర్కుల్లో అదే. కొన్నిచోట్ల ఇంకొంచెం పొడుగ్గా, 'మధ్యయుగపు దక్కన్ దేవాలయాల గెలాక్సీలో' అని ఉంటుంది. అక్కడే దొంగ దొరికిపోయాడు! మార్కో పోలో 13వ శతాబ్దపు వెనిస్ యాత్రికుడు, పోయింది 1324లో. మధ్యయుగం అని మనం దేన్నంటున్నామో సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నాడు. ఆయన తన ఎదురుగా ఉన్న గుడిని చూసి 'ఆహా, ఏం మధ్యయుగపు గుడి' అంటాడా? అప్పటికి ఆ గుడి కట్టి పట్టుమని 80 ఏళ్లు కూడా కాలేదు కదా స్వామీ.

సరే, మాట సంగతి పక్కన పెట్టి మనిషి సంగతి చూద్దాం. మార్కో పోలో చైనా నుంచి ఓడల్లో తిరుగు ప్రయాణం కట్టి, 1290ల మొదట్లో మన తీరాల మీదుగా వెళ్లాడు. ఇంటికి చేరాక యుద్ధంలో పట్టుబడి జెనోవాలో జైల్లో పడ్డాడు. అక్కడ తోటి ఖైదీ రుస్తికెల్లో అనే రచయితకి, 1298 ప్రాంతంలో, చూసినవీ విన్నవీ కలిపి చెప్పుకుంటూ పోతే అది పుస్తకమైంది. అందులో మన తెలుగు నేల గురించి ఒక అధ్యాయం ఉంది, దాని పేరు 'ముత్ఫిలి'. అంటే మన మోటుపల్లి. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు గుంజుకునేవాళ్లు, ఇకమీదట అలా చెయ్యం, నిర్ణయించిన సుంకం కట్టండి చాలు, మీ ప్రాణానికీ సరుకుకీ మాది పూచీ అని రాతి మీద చెక్కించి విదేశీ వర్తకులకి మాటిచ్చాడు. దీని మీద రీల్ ఎవరూ చెయ్యరేం? నాకైతే రామప్ప బొమ్మలంత అందంగా కనిపిస్తుంది ఆ శాసనం.

ఆ ముత్ఫిలి అధ్యాయంలో ఏముందో చెప్పనా? వజ్రాలున్నాయి. లోతైన లోయల్లో వజ్రాలు, వాటి చుట్టూ విషసర్పాలు, మనుషులు దిగలేక పైనుంచి మాంసం ముక్కలు విసురుతారట, వాటికి వజ్రాలు అంటుకుంటాయట, తెల్ల గద్దలు ఆ మాంసం ఎత్తుకెళితే వెంటపడి బెదరగొట్టి వజ్రాలు ఏరుకుంటారట. గద్ద ఆల్రెడీ మింగేస్తే? దాని గూటి దగ్గర రెట్టలో వెతుకుతారట! ఈ కథ ఆయనకంటే ముందే అరబ్బు వర్తకుల నోళ్లలో నానింది, మన పోలో గారు దాన్ని వేడివేడిగా వడ్డించేశారు. ఇంకా ఏముంది, సాలెగూడంత సన్నటి నూలు బట్టలు, ఏ రాజైనా రాణైనా సంతోషంగా కట్టుకునేంత గొప్పవి అన్నాడు. మన గొర్రెలు ప్రపంచంలోకెల్లా పెద్దవన్నాడు. చూశారా, గొర్రెలకి చోటు దొరికింది. రామప్ప గుడి ఉన్న పాలంపేటకి దొరకలేదు! గొర్రె సైజు గుర్తుపెట్టుకుని చెప్పినవాడు 'గెలాక్సీలో నక్షత్రం' అనిపించిన గుడిని మర్చిపోయాడంటారా?

ఇప్పుడు నా దగ్గరున్న అసలు ఆయుధం. అదే అధ్యాయంలో ఒక రాణి గురించి చెప్పాడు. భర్త చనిపోయాక 40 ఏళ్లుగా రాజ్యమేలుతోంది, న్యాయంగా, శాంతిగా, ప్రజలు ఆమెని ప్రేమించినంతగా ఎవరినీ ప్రేమించలేదు అన్నాడు. ఎవరా రాణి? మన రుద్రమ. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆగండి. రుద్రమకి రాజ్యమిచ్చింది భర్తా? కాదు, తండ్రి గణపతిదేవుడు. ఇక్కడ మూడో క్లాసు పిల్లాడిని అడిగినా చెబుతాడు. పోలో గారు తండ్రిని మొగుణ్ణి చేసేశాడు! పైగా చందుపట్ల శాసనం ప్రకారం రుద్రమ 1289లోనే కన్నుమూసింది, ఈయన ఈ తీరం దాటింది ఆ తర్వాత. అంటే ఏంటి? రేవులోనో, రేవుకి కూడా రాకుండా ఏ ఓడ మీదో, ఎవరో వర్తకుడు చెప్పింది చెవిన వేసుకున్నాడు. రాజుగారింట్లో ఎవరికెవరు ఏమవుతారో తెలియనివాడు, మోటుపల్లి నుంచి 250 కిలోమీటర్లకి పైగా అడవులూ కొండలూ దాటుకుని, ఓరుగల్లు కూడా దాటి, పాలంపేటకి వచ్చి, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి, ఇంగ్లిష్‌లో స్టేట్‌మెంట్ ఇచ్చి వెళ్లాడా? కాస్త ఆలోచించండి.

మరి ఆ మాట ఎక్కడిది? ఇక్కడి నుంచి నా సొంత థియరీ, నచ్చకపోతే తిట్టుకోండి. పాత పర్యాటక రాతల్లో చాలాచోట్ల పేరు లేకుండా 'ఒక యూరోపియన్ యాత్రికుడు అన్నట్లు' అని ఉంటుంది. ఎవరా యాత్రికుడు? పేరు లేదు, ఊరు లేదు. నా లెక్క ఏంటంటే, ఇంగ్లిష్ బాగా వచ్చిన ఎవరో ఒకాయన, 20వ శతాబ్దంలో, బ్రోచర్ కోసమో వ్యాసం కోసమో ఒక చక్కని వాక్యం రాసుకున్నాడు. తన పేరు మీద వేస్తే ఎవడూ పట్టించుకోడని 'యూరోపియన్ యాత్రికుడు' అన్నాడు. తర్వాత ఇంకెవరో, కాకతీయుల కాలంలో ఇటు వచ్చిన యూరోపియన్ యాత్రికుడు ఎవరబ్బా అని తల గోక్కుని, మనకి తెలిసిన పేరు ఒకటే కాబట్టి మార్కో పోలో అని తగిలించేశాడు. ఆ తర్వాత కాపీ, పేస్ట్, కాపీ, పేస్ట్. రాసినాయన ఎవరో గానీ పాపం, మంచి వాక్యమే రాశాడు, క్రెడిట్ మాత్రం వెనిస్‌కి పోయింది.

ఇందులో నాకు కోపం ఎందుకంటే, ఆ గుడి దగ్గర సాక్ష్యం లేకపోతే పోనీ అనుకోవచ్చు. ఉంది! గుడి ఆవరణలోనే ఒక చిన్న మండపంలో శాసన స్తంభం నిలబడి ఉంది. జనం దాని పక్కనుంచే సెల్ఫీ స్టిక్ పట్టుకుని వెళ్లిపోతారు. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు అన్నీ అందులో ఉన్నాయి. శక సంవత్సరం 1135, మన లెక్కలో 1213. కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. గుడిలో స్వామి పేరు రుద్రేశ్వరుడు, అందుకే యునెస్కో జాబితాలో కూడా రుద్రేశ్వర ఆలయం అనే ముందు రాశారు.

ఈ రేచర్ల రుద్రుడు మామూలు మనిషి కాదండీ. కాకతి మహాదేవుడు యాదవుల మీదికి దేవగిరి వెళ్లి యుద్ధంలో చచ్చిపోయాడు, ఆయన కొడుకు, కుర్రాడు గణపతిదేవుడు వాళ్లకి బందీగా చిక్కాడు. ఇక్కడ సింహాసనం ఖాళీ. ఎక్కడికక్కడ సామంతులు తోక జాడిస్తున్నారు. ఆ టైంలో రాజ్యాన్ని చెయ్యి జారకుండా పట్టుకున్నది ఈ సేనాని. తానే ఎక్కి కూర్చోవచ్చు, అడిగేవాడు లేడు. కూర్చోలేదు. 1199లో గణపతిదేవుడు తిరిగొస్తే రాజ్యం అప్పజెప్పాడు. ఆ తర్వాత ఈ గుడి కట్టించాడు, పక్కనే రామప్ప చెరువు తవ్వించాడు, ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది. ఇలాంటి మనిషి పేరు మీకు ఎంతమందికి తెలుసు? నిజం చెప్పండి. మార్కో పోలో పేరు మాత్రం అందరికీ కంఠతా.

రామప్ప అంటే శిల్పి పేరు కదా, ప్రపంచంలో శిల్పి పేరు మీద పిలిచే గుడి ఇదొక్కటే కదా అని రాయబోతున్నారు, నాకు తెలుసు. ఆ కథ నాకూ ఇష్టమే. 40 ఏళ్లు ఒకే గుడి మీద ఉలి ఆడించిన రామప్ప, చివరికి రాజు పేరు పోయి ఆయన పేరు మిగలడం, వినడానికి ఎంత బాగుంటుంది! కానీ ఆ శాసనంలో శిల్పి రామప్ప ప్రస్తావన లేదు. నన్నడిగితే స్వామిని రామలింగేశ్వరుడని కూడా పిలుస్తారు కాబట్టి ఊళ్లోవాళ్లు ముద్దుగా రామప్ప అని ఉంటారు. కథ కథగా ఉండనివ్వండి, ఎవరో ఒక మహాశిల్పి ఉన్నమాట మాత్రం రాళ్లని చూస్తేనే తెలుస్తోంది కదా.

ఎందుకంటే ఆ రాయి మామూలు రాయి కాదు. గుడి గోడలూ గట్రా ఎర్రటి ఇసుకరాయి, కానీ చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు అనే స్త్రీ శిల్పాలు, 12 మంది, నల్లటి గట్టి రాయి. ఉలి పెడితే ఉలి మొద్దుబారే రాయి. దాన్ని అద్దంలా నునుపు చేశారు, 800 ఏళ్ల వానకి తడుస్తున్నా ఇంకా మెరుస్తోంది. ఒక అమ్మాయి కాలికి మడమ ఎత్తు చెప్పులున్నాయి, హైహీల్స్ అని అందరూ ఫోటోలు తీసేది ఆ కాళ్లనే. నేను మాత్రం నాగినిని చూడమంటాను, ఒంటి మీద పామే నగ, పామే బట్ట. లోపల రంగమండపం స్తంభాల్లో, చెక్కిన వలయాల మధ్య సూదంత సందులుంటాయి, దారం ఇటునుంచి దూర్చి అటునుంచి లాగొచ్చు. నేల మాత్రం ఎగుడుదిగుడుగా అలలు తేలి ఉంటుంది, పైకి చూస్తూ నడిస్తే పడతారు, జాగ్రత్త. పునాదిలో ఇసుక నింపి దాని మీద కట్టారు కాబట్టి కిందిది కుదురుకుంటూ కదిలినా పైది కూలలేదు. పైన విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి. రాతి విమానం బరువు ఆ పునాది మొయ్యలేదని లెక్కేసి, అంత తేలికైన ఇటుక కాల్చిన బుర్ర ఎవరిదో! ఇందులో ఏలియన్లు లేరు, మంత్రాలు లేవు. లెక్క ఉంది, మట్టి గురించి తెలిసిన కుమ్మరి ఉన్నాడు. ఆ మనిషిని పొగడకుండా 'అప్పట్లోనే ఇటలీవాడు మెచ్చుకున్నాడు' అంటారేంటి?

ఇదే గుడి నాట్య శిల్పాలు చూసే నటరాజ రామకృష్ణ గారు మాయమైపోయిన పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. కాకతీయుల కాలపు జాయప సేనాని తన నాట్య గ్రంథం నృత్తరత్నావళిలో రాసింది ఒక చేత్తో, రామప్ప బొమ్మల భంగిమలు ఇంకో చేత్తో పట్టుకుని, పోయిన నాట్యాన్ని తిరిగి స్టేజీ ఎక్కించారు. ఇదీ సర్టిఫికెట్ అంటే. ఇక యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు అంటారా, 2021 జూలై 25న వచ్చింది, అది కూడా ఊరికే రాలేదు, నిపుణుల సంఘం ఐకోమాస్ కొర్రీలు పెడితే ఒక్కోదానికీ జవాబు చెప్పుకుంటూ వచ్చి తెచ్చుకున్నాం. ఆ ఫైలు మోసినవాళ్ల కష్టం నిజం. ఆ నిజానికి తోడు ఒక అబద్ధపు కోట్ దేనికి? రేపు ఎవడో ఇటాలియన్ టూరిస్టు వచ్చి 'మా మార్కో ఏ పేజీలో అన్నాడు?' అని అడిగితే గైడ్ ఏం చెప్పాలి?

అందుకే ఛాలెంజ్. మార్కో పోలో పుస్తకం, ఏ భాషలోదైనా, ఏ అనువాదమైనా, పాలంపేట గుడి ఉన్న పేజీ ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి. పెడితే దాన్ని పిన్ చేస్తా, ఈ వీడియో డిలీట్ చేస్తా. వాట్సాప్ ఫార్వర్డ్ స్క్రీన్‌షాట్లు చెల్లవు, ముందే చెబుతున్నా.

ఇంకోటి, ములుగు వైపు వెళ్లేవాళ్లు రామప్ప చూసి నేరుగా లక్నవరం ఊగే వంతెనకి పరిగెత్తకండి. గణపురం కోటగుళ్లు అక్కడికి దగ్గర్లోనే ఉన్నాయి, ఒకే ప్రాకారంలో బోలెడు గుళ్లు. వచ్చే వీడియో దాని మీదే, దాని గురించి ఏ విదేశీయుడు ఏమన్నాడో మాత్రం అడక్కండి.