నీకెట్ల తెలుసు? – బడిలో చర్చకు ముందు జరగవలసిన పని

[దృశ్యం: నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఉన్నత పాఠశాల. నల్లబల్ల మీద చర్చాంశం: "మన బడికి క్యాను నీళ్ల కంటే మిషన్ భగీరథ నీళ్లే మేలు."]

నమస్కారం. ఒకవైపు శుద్ధి ప్లాంటు నుంచి కొని తెచ్చుకునే క్యాను నీళ్లు, మరోవైపు ప్రభుత్వం మిషన్ భగీరథ పథకం కింద నల్లాల్లో ఇచ్చే కృష్ణా నీళ్లు. ఈ వాక్యం రాయగానే తరగతిలో సగం చేతులు లేస్తాయి. ఈ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఉండి పళ్లనూ ఎముకలనూ చెడగొట్టే ఫ్లోరైడ్ గురించి మాట్లాడడానికి ఎవరికీ చీటీ అక్కరలేదు. ఉపాధ్యాయుడు మొదట చేయవలసింది ఆ చేతులను కొన్నాళ్లపాటు దించించడమే. ప్రతి విద్యార్థీ తనకు తెలిసిన సంగతులను వరుసగా రాసి, ఒక్కొక్క దాని పక్కన "నీకెట్ల తెలుసు?" అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. "మా తాత చెప్పిండు", "ఫోన్ల చూసిన", "పంచాయతీల కాగితం చూసిన" – వీటిలో ఏదీ సిగ్గుపడవలసిన జవాబు కాదు, కానీ మూడింటి బరువూ ఒకటి కాదు.

[తెర మీద: 1.0 – 1.5]

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్ణయించిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. ఈ అంకె చేతిలో లేనివాడు "ఫ్లోరైడ్ ఎక్కువున్నది" అంటే, దేనికంటే ఎక్కువ అని ఎదుటి జట్టు అడగాలి. "క్యాను నీళ్లు తియ్యగుంటయి" అన్న వాదనా ఇక్కడ నిలవదు, ఎందుకంటే తాగునీటిలో ఉండే మోతాదులో ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు.

[దృశ్యం: పసుపు, గోధుమ మచ్చలున్న పళ్ల బొమ్మ]

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకోవలసిన చోటు ఇది. పదో తరగతి పిల్లవాడు లేచి, "మా దోస్తు పళ్ల మీద మచ్చలున్నయి, కాబట్టి ఇప్పటి నీళ్లు మంచివి కావు" అంటాడనుకుందాం. అతడు చూసింది నిజమే, తేల్చింది మాత్రం తప్పు. పళ్లు చిగురు లోపల తయారవుతున్న చిన్న వయసులో తాగిన నీటి వల్ల ఆ మచ్చలు ఏర్పడతాయి; అంటే పదిహేనేళ్ల పిల్లవాడి ముందుపళ్లు ఎన్నో ఏళ్ల కిందటి నీటికి సాక్ష్యం చెబుతాయే గానీ, ఈ ఉదయం నల్లాలో వచ్చిన నీటికి కాదు. ఎముకలు వంగిపోయిన పెద్దల విషయమూ అంతే: వారి నడుము మళ్లీ నిటారు కాకపోవడం కొత్త నీళ్లు చెడ్డవనడానికి రుజువు కాదు. అట్లాగని "కృష్ణా నీళ్లొచ్చినయి, బీమారి పోయింది" అనడమూ చెల్లదు. కొత్తగా పళ్లు వస్తున్న పిల్లలను పరీక్షించిన లెక్క ఉంటేనే ఆ మాట అనగలం.

మరి లెక్క ఎక్కడ దొరుకుతుంది? గ్రామీణ నీటి సరఫరా విభాగం చేసిన పరీక్షల ఫలితాలను అడగవచ్చు. ఇవ్వకపోతే ఉపాధ్యాయుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. కాబట్టి చర్చ తేదీని నెలన్నర ముందే ప్రకటించడం మేలు.

లెక్క దొరికినా అది ఏ ప్రాంతానిదో చూసుకోవాలి. పాలమూరు వైపు పిల్లలు అక్షరాస్యత మీద చర్చ పెట్టుకుంటే ఈ చిక్కే వస్తుంది. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. కానీ అది ఉమ్మడి జిల్లా అంకె. 2016లో, 2019లో జిల్లా విడిపోయింది. ఇప్పటి చిన్న జిల్లాకు ఆ అంకె తగిలిస్తే లెక్క నిజమే అయినా వాదన అబద్ధమవుతుంది.

[దృశ్యం: గిన్నెలో మడిచిన చీటీలు]

ఏ జట్టు ఏ పక్షమో చర్చ రోజునే చీటీ తీసి తేల్చాలి. అప్పుడు క్యాను పక్షం కోసం కూడా అందరూ వెతికి ఉంటారు: పైపు పగిలితే ఏమవుతుంది, ట్యాంకు ఎప్పుడు కడిగారు, ప్లాంటులో ఫిల్టరు ఎప్పుడు మార్చారు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం నిజం తేల్చుకోవడానికి చేసేదాన్ని వాదమనీ, గెలుపు కోసమే చేసేదాన్ని జల్పమనీ, తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకున్నదాన్ని వితండమనీ విడదీసింది. మన వక్తృత్వ పోటీల్లో బహుమతులు చాలావరకు జల్పానికే పోతున్నాయని నా అభిప్రాయం. అందుకే ఎదుటి జట్టు చూపిన సాక్ష్యం సరైనదని ఒప్పుకొని, తన వాదనను ఆ మేరకు సవరించుకున్న విద్యార్థికి మార్కులు కోయకుండా రెండు కలపమంటాను.

[చివరి దృశ్యం: బడి నల్లా కింద సీసా నింపుతున్న విద్యార్థిని, సీసా మీద తేదీ, సమయం రాస్తుంది.]