ఇంట్లో పిల్లలకి లాటిన్: మొదటి నెల పాఠాలు

నమస్కారం అండి. 8 ఏళ్ళు నిండి, తెలుగూ ఇంగ్లీషూ తడుముకోకుండా చదివే పిల్లలకి లాటిన్ ఎలా మొదలుపెట్టాలో ఈ వీడియోలో చూద్దాం. భీమవరంలోనో అమలాపురంలోనో ఉంటున్నాం, లాటిన్ మాస్టారు ఎక్కడ దొరుకుతారని వెనకాడకండి. మొదటి నెల పాఠం మీరే చెప్పగలరు. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి: లాటిన్‌ని ఇంగ్లీషు మీదుగా కాదు, తెలుగు మీదుగా చెప్పండి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కావలసినవి ఒక రూళ్ళ నోటుపుస్తకం, ఒక తెల్ల చార్టు, నీలం, ఎరుపు స్కెచ్ పెన్నులు. చార్టుని పేక ముక్కలంత కార్డులుగా 30 కత్తిరించుకోండి. రోజుకి 15 నిమిషాలు, వారానికి 5 రోజులు. ఆదివారం పూట గంటన్నర కూర్చోబెడితే సరిపోతుంది కదా అనుకోవద్దు, మంగళవారానికి సగం మర్చిపోతారు.

ముందు ఉచ్చారణ. ఇక్కడ మన లిపి బాగా పనికొస్తుంది. లాటిన్‌లో హ్రస్వం, దీర్ఘం తేడా వస్తే అర్థమే మారిపోతుంది. మలుమ్ అంటే చెడు, మాలుమ్ అంటే ఆపిల్ పండు. రోమన్ అక్షరాల్లో దీర్ఘానికి పైన అడ్డగీత పెడతారు, పిల్లలు దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. అందుకని మొదటి రెండు వారాలు ప్రతి మాట పక్కన తెలుగులో కూడా రాయించండి. మూడో వారం నుంచి మానేయండి, లేకపోతే దానికే అలవాటు పడిపోతారు. ఇంగ్లీషు అలవాటుతో ‘ట’ అంటారు, అది ‘త’ అని దిద్దండి. అలాగే ఇంగ్లీషులో సీజర్, సిసిరో అనే పేర్లు లాటిన్‌లో కైసర్, కికెరో, c అక్షరం ఎప్పుడూ ‘క’యే. చర్చిలో వినిపించే లాటిన్‌లో కొన్నిచోట్ల అది ‘చ’ అవుతుంది. రెండూ సరైనవే, కానీ ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి.

ఇప్పుడు కార్డులు. మొదటి వారానికి ఆరు మాటలు చాలు: పుఎల్ల అంటే పిల్ల, అగ్రికొల అంటే రైతు, నౌత అంటే పడవ నడిపేవాడు, మన ‘నౌక’కి చుట్టమే ఈ మాట. అక్వ అంటే నీళ్ళు, కస అంటే గుడిసె, ఈన్సుల అంటే లంక. నాలుగు వైపులా నీరున్న నేల అంటే ఏమిటో గోదావరి పిల్లలకి బొమ్మ వేసి చూపించక్కర్లేదు. క్రియలు రెండు: పొర్తత్, మోస్తుంది, వొకత్, పిలుస్తుంది. మోస్తాడు అన్నా మోస్తుంది అన్నా లాటిన్‌లో పొర్తత్ ఒక్కటే.

ప్రతి నామవాచకానికీ రెండు కార్డులు చేయండి. నీలంతో ప్రథమా విభక్తి: పుఎల్ల. ఎరుపుతో ద్వితీయ: పుఎల్లమ్. బళ్ళో ‘డు ము వు లు’ వల్లించిన పిల్లలకి ఈ పేర్లు కొత్త కాదు. లాటిన్‌లో ముఖ్యమైన విభక్తులు ఆరు, కానీ ఈ నెలకి ఈ రెండే. కార్డులు నేల మీద పరచండి: పుఎల్ల అగ్రికొలమ్ వొకత్. పిల్ల రైతుని పిలుస్తుంది. మొదటి రెండు కార్డులూ అటూ ఇటూ మార్చండి: అగ్రికొలమ్ పుఎల్ల వొకత్. రైతుని పిల్ల పిలుస్తుంది. పిలిచేది ఇప్పటికీ పిల్లే. ఇంగ్లీషులో అయితే మాటల చోటు మారగానే పిలిచేవాళ్ళు మారిపోతారు. ఇంగ్లీషు మీదుగా వద్దన్నది ఇందుకే.

అయితే తెలుగు వల్లే వచ్చే తప్పు ఒకటుంది, దీని మీద కన్నేసి ఉంచండి. పుఎల్ల అక్వమ్ పొర్తత్ అనాల్సిన చోట పిల్లలు పుఎల్ల అక్వ పొర్తత్ అంటారు. కారణం తేలికే. మనం ‘రైతుని పిలు’ అంటాం గానీ ‘నీళ్ళని మొయ్యి’ అనం, ‘నీళ్ళు మొయ్యి’ అంటాం. ప్రాణం లేని వాటికి ద్వితీయ ప్రత్యయం వదిలేయడం మనకి అలవాటు. లాటిన్ వదలదు. కాబట్టి మనుషుల మాటలతో రెండు రోజులు ఆడించాకే నీళ్ళు, గుడిసె తీసుకురండి. తప్పు వచ్చినప్పుడు సమాధానం చెప్పేయకుండా ‘దేన్ని మోస్తోంది?’ అని తెలుగులో అడగండి. ఎర్ర కార్డు వాళ్ళే వెతుక్కుంటారు.

రెండో వారం క్రియ: పొర్తో, పొర్తాస్, పొర్తత్. మోస్తాను, మోస్తావు, మోస్తాడు. నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు, మనలాగే. ప్రశ్నకి చివర ‘నె’ తగిలిస్తే చాలు: పొర్తత్‌నె? మోస్తాడా? మన ‘ఆ’ చేసే పనే. మేకుమ్ అంటే నాతో, తేకుమ్ అంటే నీతో. ఇక్కడ ‘తో’ మనలాగే వెనకొస్తుంది, కానీ మామూలు నామవాచకాలకి ముందే వస్తుంది. లంకలో అనడానికి ఇన్ ఈన్సులా. చివరి దీర్ఘం పలికించండి.

మూడో వారం కొత్త పాఠం వద్దు. ఉన్నవాటితోనే రోజుకి ఐదు వాక్యాలు రాయించండి.

నాలుగో వారం విశేషణాలు, కొంచెం కష్టం ఇక్కడే. ‘మంచి రైతు, మంచి పిల్ల’ అన్నప్పుడు మన ‘మంచి’ మారదు. ‘మంచివాడు, మంచిది’ అన్నప్పుడు మారుతుంది కదండీ, అక్కణ్ణుంచి ఎత్తుకోండి: బొనుస్, బొన. చివర ‘అ’ చూసి పిల్లలు అగ్రికొల బొన అంటారు. రైతు పుంలింగం, కాబట్టి అగ్రికొల బొనుస్. వస్తువులకి కూడా లింగం ఉంటుందన్నది వంటింట్లో చూపించండి. ముల్లంగి, వడ్ల గింజలు, వెల్లుల్లి వరసగా పెట్టి వాటి శాస్త్రీయ నామాలు చదివించండి: రఫనుస్ సతీవుస్, ఒరీజ సతీవ, అల్లియుమ్ సతీవుమ్. మూడింట్లోనూ ఒకటే మాట, విత్తి పండించేది అని. పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం, మూడూ పళ్ళెంలోనే ఉన్నాయి. తర్వాత కొత్తిమీర పేరు, కొరియాండ్రుమ్, చెప్పి, పక్కన సతీవుస్, సతీవ, సతీవుమ్‌లలో ఏది వస్తుందో వాళ్ళనే చెప్పమనండి.

సాయంత్రం గట్టు మీదకి తీసుకెళ్ళి తాటిచెట్టు చూపించండి. దాని పేరు బొరాస్సుస్ ఫ్లాబెల్లిఫెర్. ఫ్లాబెల్లుమ్ అంటే విసనకర్ర, ఫెర్ అంటే మోసేది. కొబ్బరిచెట్టు కొకోస్ నుకిఫెర. నుక్స్ అంటే పెంకు కాయ, మిగతాది ఏమిటో పిల్లలే చెప్పేయాలి. చెప్పగలిగితే ఐదో వారం షష్ఠి, చతుర్థి మొదలుపెట్టండి. రెండింటికీ రూపం ఒకటే, పుఎల్లై, కాబట్టి ఒకటి కుదిరాకే రెండోది ఎత్తుకోండి.