అడవిలో చచ్చిపోయిన ఆ రైతు

అధ్యక్షుల వారికి, గ్రంథాలయ వారోత్సవాలకు గుర్తుపెట్టుకొని పిలిచిన నిర్వాహకులకు, పరీక్షలు నెత్తిమీద ఉన్నా వచ్చి కూర్చున్న పాలమూరు విద్యార్థులకు నమస్కారాలు.

అమెరికన్ రచయిత్రి డోనా టార్ట్ 1992లో వెలువరించిన ‘ది సీక్రెట్ హిస్టరీ’ నవల గురించి మాట్లాడమన్నారు. పాత కళాశాలల మీద, ప్రాచీన విద్య మీద మోజును నేరంతో, చీకటితో ముడిపెట్టే ‘డార్క్ అకడెమియా’ అనే కోవకు ఇదే ఆద్యమని చాలామంది అంటారు. అమెరికాలోని వెర్మాంట్‌లో ఒక చిన్న కళాశాల, అక్కడ గ్రీకు చెప్పే జూలియన్ మారో, ఆయన ఏరికోరి చేర్చుకున్న అయిదుగురు శిష్యులు. ఆరవవాడిగా చేరిన రిచర్డ్ పేపన్ ఈ కథ చెబుతాడు. తమలో ఒకడైన బన్నీని వీళ్లే చంపారని ఆరంభంలోనే తెలిసిపోతుంది కనుక, ఎందుకు చంపారన్నదే మనల్ని చివరిదాకా లాక్కుపోతుంది.

రిచర్డ్ తండ్రికి కాలిఫోర్నియాలో పెట్రోలు బంకు ఉంది. ఆ సంగతి దాచి, కలవారి పిల్లల ముందు నారింజ తోటల బాల్యాన్ని కల్పించి చెబుతాడు. ఈ ఘట్టం చదివినప్పుడు మా హాస్టల్లో ఉన్న మక్తల్ వైపు కుర్రవాడు నాకు కళ్లముందు మెదిలాడు. వాళ్ల నాయిన బొంబాయిలో కూలిపని చేసేవాడు; ఇతడేమో ‘మా నాయిన కాంట్రాక్టరు’ అనేవాడు. ఎవరితోనో రాయించి తండ్రి పంపిన కార్డు వస్తే, ఎవరి కంటా పడకముందే అంగీ జేబులోకి తోసేసేవాడు. మా అధ్యాపకులొకరు నలుగురు మెరికల్లాంటి వాళ్లను తన గదికి పిలిపించుకొని పద్యాలు చెప్పేవారు, తక్కినవాళ్లం వరండాలో నిలబడి వినేవాళ్లం. ఆ గదిలోకి వెళ్లాలన్న ఆశను, వెళ్లలేకపోయిన అవమానాన్ని ఇంత నిజాయితీగా రాసిన నవలను నేను మరొకటి చదవలేదు. అందుకు రచయిత్రికి చేతులెత్తి మొక్కుతాను.

నా కోపం వేరే చోట ఉంది. బన్నీ హత్యకు ముందే మరో చావు ఉన్నది. గ్రీకుల మద్యదేవత డయోనిసస్ ఆరాధన పేరుతో అడవిలో ఒళ్లు మరిచి ఊగిన ఒక రాత్రి, నలుగురు శిష్యులు ఒక రైతును చంపేస్తారు. ఆ సంగతి బన్నీ బయటపెడతాడన్న భయంలోంచే అతని చావు పుట్టింది. బన్నీకి శవయాత్ర ఉంది, ఏడ్చే తల్లిదండ్రులున్నారు, పేజీలకు పేజీలున్నాయి. రైతు మాత్రం కథ కదలడానికి పనికొచ్చి పక్కకు తప్పుకుంటాడు. విద్యార్థులారా, మీలో ఎందరి ఇళ్లలో రైతులున్నారో చేతులెత్తండి! ఇన్ని చేతులున్న సభలో ఈ మాట అడగకుండా ఎలా ఉండను?

ఇది రిచర్డ్ చూపులోని లోపమే తప్ప రచయిత్రిది కాదని నాకు తెలుసు. కులీనుల వెలుగులో అతని కళ్లు బైర్లు కమ్మాయని ఆమే చూపించింది. అయినా ఆ వాక్యాల సొగసు ఎంతటిదంటే, చదివేవాళ్ల కళ్లూ బైర్లు కమ్ముతాయి, రైతును మరిచిపోతాము. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మన సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మందికి చోటిచ్చారు. ఆ సంచికను ఎరిగిన నాకు, అయిదుగురికే తలుపు తీసే జూలియన్ విద్య మీద మోజు నిలవడం లేదు. నవల మీద మాత్రం నిలిచింది, మళ్లీ చదువుతాను కూడా.

నలుగురు శిష్యులు చంపిన మనిషి కథలో అంతకన్నా ఎక్కువ కనిపించనవసరం లేదని, అలా మరుగుపడటమే ఈ నవల బలమని వాదించేవారు ఇక్కడ ఉండే ఉంటారు. ముందుగా వారే మాట్లాడాలి. మైకు అటు పంపండి.