బరువైన డబ్బా, తేలికైన డబ్బా

అందరికీ నమస్కారం.

నేను మాట్లాడుతూ ఉంటాను, మీరు ఈ రెండు డబ్బాలూ ముందు వరస నుంచి వెనక్కి అందించుకుంటూ వెళ్లండి. రెండూ కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్‌లే. రెండింటి మీదా 450 వాట్లు అనే ఉంది. ఎడమ చేత్తో ఒకటి, కుడి చేత్తో ఒకటి పట్టుకుని చూడండి. ఒకటి నిండా కందిపప్పు పోసిన డబ్బాలా చెయ్యి లాగేస్తుంది. రెండోది ఖాళీగా ఉన్నట్టు తేలిపోతుంది.

విశాఖలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. పాత డెస్క్‌టాప్ పట్టుకొచ్చినవాళ్లు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. "ర్యామ్ పెంచితే సరిపోద్దా?" "ఎస్ఎస్‌డీ వేస్తే ఎంతవుద్ది?" "మా బాబు గ్రాఫిక్స్ కార్డు కావాలంటన్నాడు, వేసీగలరా?" లోపల ఎస్ఎంపీఎస్ ఎలా ఉందని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో పదిమంది ఉంటారేమో. క్యాబినెట్‌తో పాటు వచ్చిన డబ్బా కదా, దాన్ని విడిగా కొన్నామన్న గుర్తే ఉండదు. పదేళ్లు పనిచేసి అలిసిపోయిన ఆ డబ్బా మీదే కొత్త కార్డు బరువు కూడా పెడతాం.

అది చేసే పని చూడండి. గోడ ప్లగ్గులోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారుతూ ఉండే కరెంటు. భాగాలన్నీ గుచ్చే పెద్ద బోర్డు, అంటే మదర్‌బోర్డుకి కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ, ఒకే దిశలో పోయే కరెంటు. ఎస్ఎంపీఎస్ ముందు ఆ ఏసీని దాదాపు 325 వోల్టుల డీసీ చేస్తుంది. దాన్ని సెకనుకి వేలవేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తూ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. అంత వేగంగా స్విచ్ కొట్టడం వల్లే అరచేతిలో పట్టేంత ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతోంది. ఎస్ఎంపీఎస్ అంటే స్విచ్ మోడ్ పవర్ సప్లై, ఈ స్విచ్ కొట్టడం వల్లే ఆ పేరు. చివర్లో తీగ చుట్టిన కాయిల్స్, కరెంటుని కాసేపు దాచి వదిలే కెపాసిటర్లు కలిసి ఆ కరెంటులోని ఎగుడుదిగుళ్లు తీసేస్తాయి.

ఈ కెపాసిటర్లే అన్నిటికంటే ముందు ముసలివవుతాయి. వాటి లోపలి తడి మెల్లగా ఎండిపోతుంది, వేడి ఎక్కువైతే త్వరగా ఎండిపోతుంది. 10 డిగ్రీలు వేడి తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపవుతుందని మా పనిలో ఒక లెక్క ఉంది. మంచి కంపెనీలు 105 డిగ్రీలకు తట్టుకునేవి వాడతాయి, చవక డబ్బాల్లో 85 డిగ్రీలవి కనిపిస్తాయి. కెపాసిటర్ నెత్తి మీద చెక్కిన గీతలు ఉబ్బి, గోధుమరంగు జిగురు కారిందంటే దాని పని అయిపోయిందని అర్థం.

మన ఊరి గాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరున్న ఇంటి నుంచి ఒక మిషన్ వచ్చింది. ఎస్ఎంపీఎస్ ఫ్యాను రెక్కల మీద దుమ్ము పొడిపొడిగా లేదు, తడి ముగ్గుపిండిలా అంటుకుని ఉంది. బ్రష్‌తో రాస్తే రాలలేదు. ఫ్యాను స్క్రూలు తుప్పు పట్టి నా స్క్రూడ్రైవర్ కిందే విరిగిపోయాయి. ఉప్పు గాలిలోని చెమ్మని పట్టి ఉంచుతుంది, ఆ చెమ్మ దుమ్ముని పట్టి ఉంచుతుంది. విశాఖ పాత నగరం వైపు ఇళ్లలో ఇదే పొర నల్లగా ఉంటుంది. గదిలో గాలినంతా రోజంతా లాక్కునే డబ్బా కాబట్టి ముందు దెబ్బ తినేది ఇదే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ తరవాత కరెంటు ఎలా వచ్చిందో, ఎన్నిసార్లు పోయి మళ్లీ వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెలల్లో నా బల్ల మీదికి వచ్చిన మిషన్లు చూశాకే ఈ డబ్బా విలువ నాకు నిజంగా తెలిసింది. మంచి ఎస్ఎంపీఎస్ ఉన్న మిషన్లలో అదొక్కటే పోయింది. కొత్తది పెడితే మిగతావన్నీ లేచి కూర్చున్నాయి. చవక డబ్బాలు మాత్రం పోతూ పోతూ మదర్‌బోర్డునీ హార్డ్‌డిస్కునీ వెంట తీసుకుపోయాయి. మంచిదాంట్లో వోల్టేజి హద్దు దాటితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. షార్టయినా, లోడు మించినా అంతే. ఆ భాగాలు తీసేస్తే డబ్బా చవకవుతుంది. మీ చేతిలో తేలిపోతున్న డబ్బాలో లేనివి అవే. ఇక తేలిక ఎందుకంటే, వేడిని లాగేసే అల్యూమినియం హీట్‌సింకులు పల్చన. కరెంటు లోపలికొచ్చే చోట ఉండాల్సిన ఫిల్టర్ కాయిల్ బదులు ఒట్టి వైరు ముక్క వేసి టంకం పెట్టారు. అయితే బరువు ఒక్కటే రుజువని నేను అనను. లేబుల్ చదవాలి.

బాబూ, తేలికైన డబ్బా పట్టుకున్నావు కదా, 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లని ఉంది? 14. అవునా? 12ని 14తో హెచ్చిస్తే 168 వాట్లు. ఇప్పుడు బరువైనదాని మీద చూడు. 36 ఆంపియర్లు. అంటే 432 వాట్లు.

రెండింటి మీదా 450 అనే ఉంది కదా, తేడా ఎక్కడ వచ్చింది? బోర్డు, ఎస్ఎంపీఎస్ కొలతలూ కనెక్టర్లూ ఇలా ఉండాలని చెప్పే ఏటీఎక్స్ పద్ధతిని 1995లో ఇంటెల్ తెచ్చినప్పుడు బోర్డులు ఎక్కువగా 5, 3.3 వోల్టుల మీదే బతికేవి. ఇంటెల్ పెంటియం 4 ప్రాసెసర్ కాలానికి, అంటే 2000 ప్రాంతంలో, ప్రాసెసర్‌కి విడిగా 4 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ వచ్చింది. అప్పటి నుంచి బరువంతా 12 మీదికి మారింది. తేలికైన డబ్బా మాత్రం ఎవరూ పెద్దగా వాడని 5, 3.3 లైన్లని కూడా కలుపుకుని 450 అంటోంది. ఆ కూడికైనా నిజమేనా అంటే, దాని మీద నాకు నమ్మకం లేదు.

2011 నాటి రెండో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ ఉన్న మిషన్ ఒకటి తీసుకుందాం. మన ఊళ్లో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది, పిల్లల చదువుకి బాగానే పనికొస్తుంది. దాని ప్రాసెసర్ 95 వాట్లు. పిల్లాడు అడిగిన గ్రాఫిక్స్ కార్డు, విడిగా వైరు అక్కర్లేనిది, స్లాట్‌లోంచే 75 వాట్ల దాకా తీసుకుంటుంది. రెండూ కలిస్తేనే 170. అంటే తేలికైన డబ్బా 12 వోల్టుల మీద చెప్పుకున్న 168 దాదాపు అక్కడే అయిపోయింది. పాత హార్డ్‌డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అది ఇంకో 24 వాట్లు. ఫ్యాన్లు, బోర్డు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆట మధ్యలో మిషన్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందంటే విండోస్ మళ్లీ వేయించుకునే ముందు ఈ లెక్క వేయండి. ఇలాంటి మిషన్‌కి 650లు, 750లు అక్కర్లేదు. 12 వోల్టుల మీద 30 ఆంపియర్లు దాటి ఇచ్చే నిఖార్సయిన 450 చాలు. 80 ప్లస్ గుర్తు ఉంటే మంచిదే, కానీ ఆ గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది, ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పదు.

కొనే ముందు క్యాబినెట్ తలుపు తీసి బోర్డు మీది పెద్ద కనెక్టర్ చూడండి. 24 పిన్నులుంటే సరే. 20 ఉంటే ఇంకా పాతది. కొత్త వైరులో చివరి 4 విడదీసి పెట్టుకోవచ్చు. ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చే బ్రాండెడ్ మిషన్లతోనే జాగ్రత్త. వాటిలో కొన్నిటికి 6, 8, 14 పిన్నులు ఉంటాయి. డబ్బా కొలత కూడా వేరు. మామూలు ఏటీఎక్స్ కొని తెచ్చుకుంటే అందులో పట్టదు.

ఇప్పుడు నా చేతుల మీదుగా జరిగిన ఒక నష్టం చెబుతాను. వైర్లు ఊడదీసి పెట్టుకునే రకం ఎస్ఎంపీఎస్‌లు మీరు చూసే ఉంటారు. ఒక రిటైరైన మాస్టారి మిషన్‌లో అలాంటిది మారుస్తున్నాను. పాత వైర్లు క్యాబినెట్‌లో శుభ్రంగా కట్టేసి ఉన్నాయి, కొత్త డబ్బాకి అవే అమిరాయి. విప్పడం ఎందుకని వాటినే గుచ్చేశాను. స్విచ్ వేశాను. టిక్కుమని చిన్న శబ్దం, వెంటనే కాలిన వాసన. రెండు డబ్బాల వెనక సాకెట్లు చూడ్డానికి ఒకలాగే ఉన్నా, లోపల వైర్ల వరస వేరు. 5 వోల్టులు రావాల్సిన చోటికి 12 వచ్చింది. హార్డ్‌డిస్కు పోయింది. అందులో ఆయన భార్య పాడిన పాటలున్నాయి. ఆవిడ అప్పటికే లేరు. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు, కాసేపు కుర్చీలో కూర్చుని వెళ్లిపోయారు. డబ్బా వైపు వైర్ల వరస ఇలాగే ఉండాలన్న నియమం కంపెనీలకి లేదు. డబ్బా మారిస్తే దాని వైర్లన్నీ మార్చండి. ఒక్కటి కూడా ఉంచకండి. స్క్రూడ్రైవర్ పట్టే ముందు హార్డ్‌డిస్కులో ఉన్నదంతా వేరేచోట దాచుకోండి.

ఇంకో మాట చాలామంది అడుగుతారు. "క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందండీ, ఎస్ఎంపీఎస్ మార్చాలా?" అని. వద్దు, ముందు ఎర్తింగ్ చూపించండి. కరెంటులోని మలినాలు ఎర్త్‌లోకి పోవడానికి చాలా ఎస్ఎంపీఎస్‌లలో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే అవి పంపేది పోయే దారి లేక క్యాబినెట్ రేకు మీదే నిలబడుతుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది, కొలిస్తే 230లో సగం దాకా చూపిస్తుంది. ఆ కరెంటు చాలా కొద్ది, కానీ చెప్పే సంగతి మాత్రం పెద్దది. ఆ ఇంట్లో ఫ్రిజ్‌కీ గ్రైండర్‌కీ కూడా ఎర్త్ లేదు. పాత ఇళ్లలో ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్త్ గుంత పెరట్లో ఎక్కడో ఉంటుంది. ఎండాకాలంలో తడి ఆరిపోకుండా దాన్లో ఒక బకెట్ నీళ్లు పోసేవాళ్లే లేరు. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో గుచ్చడం మాత్రం దయచేసి మానండి.

పాత డబ్బాల వెనక చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది, 115, 230 అని. పిల్లలు దాన్ని 115కి జరిపి ఆన్ చేస్తే వెంటనే పెద్ద చప్పుడుతో పేలుతుంది. ఆ మీట మీద టేపు అంటించండి. కొత్త మంచి రకాలకి ఈ స్విచ్ ఉండదు. కానీ పాత చవక యూపీఎస్ బ్యాటరీ మీదికి మారగానే కొన్ని కొత్త ఎస్ఎంపీఎస్‌లు ఆగిపోతాయి. ఆ యూపీఎస్ ఇచ్చే కరెంటు మెట్లుమెట్లుగా ఉండడమే కారణం. తిరిగి ఇచ్చేసే వీలున్న రోజుల్లోనే మీ యూపీఎస్‌తో కలిపి పరీక్షించుకోండి.

తీసేసిన పాతదాని మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు కాసేపు నిలిచే ఉండొచ్చు. "స్పేర్‌గా పడుంటుంది" అని అటక మీద పెట్టకండి. అది ఏదో ఒకరోజు ఇంకో మిషన్‌లోకి ఎక్కుతుంది. పెద్ద అక్షరాలతో "చెడిపోయింది" అని రాసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.

సరే, ఇప్పుడు ఈ బల్ల మీది మిషన్‌కి మార్చి చూపిస్తాను. ప్లగ్గు తీసేశాను. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచుతున్నాను, బోర్డులో మిగిలింది పోవాలి. వైర్లు ఎక్కడెక్కడున్నాయో ఫోనుతో ఫొటో తీస్తున్నాను. వెనక నాలుగు స్క్రూలు. ప్రాసెసర్ పక్కనున్న ఈ 4 పిన్నులది అందరూ మర్చిపోతారు. ఇది పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద బొమ్మ రాదు. అమ్మా, ఆ బరువైన డబ్బా ఇలా ఇవ్వండి.