అల్లాయ్ వీల్స్‌కు గీత పడకుండా కొత్త టైర్లు వేయించడం ఎలా? టైర్ షాపు మెషిన్ల రివ్యూ

అందరికీ నమస్కారం. టైర్ల రివ్యూలు మీరు చాలానే చూసుంటారు. ఏ కంపెనీది బాగుంది, వానలో గ్రిప్ ఎలా ఉంది, శబ్దం ఎంత వస్తోంది అని. ఈ రోజు నేను టైరు జోలికి వెళ్లను. దాన్ని వీల్‌కి ఎక్కించే మెషిన్ గురించి, ఎక్కించే మనిషి పనితనం గురించి మాట్లాడతాను. టైరు కొన్నేళ్లకు అరిగిపోతుంది, మార్చేస్తాం. అల్లాయ్ మాత్రం కారు ఉన్నంతకాలం ఉండాలి కదా.

ముందు ఈ వీల్ చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఇది మా ఐ20 ది, 16 అంగుళాల డైమండ్ కట్ అల్లాయ్, టైరు సైజు 195/55 ఆర్16. తళతళలాడే ఈ పైభాగం పెయింట్ కాదు. అల్యూమినియాన్నే లేత్ మీద సన్నగా చెక్కి, పైన లక్కర్ పూత వేస్తారు. ఇదిగో, వాల్వుకి కొంచెం ఎడమ పక్కన, అంచు మీద చిన్న గాటు. గోరు పెట్టి లాగితే తగులుతోంది. పోయినసారి టైర్లు మార్పించిన షాపులో పడింది ఇది. గాటు చిన్నదే, కానీ దాని పక్కన పూత కింద తెల్లటి మరక పాకుతోంది చూశారా? లక్కర్ తెగిన చోట నీళ్లు దిగి అల్యూమినియం పాడవుతోంది. మామూలు పెయింట్ అల్లాయ్ అయితే రుద్ది, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు కొట్టించుకోవచ్చు. డైమండ్ కట్‌కి ఆ మెరుపు తిరిగి రావాలంటే మళ్లీ లేత్ మీదికి ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ కొంత మెటల్ పోతుంది కాబట్టి ఎన్నిసార్లయినా చేయించుకునే పని కాదు.

ఇప్పుడు మెషిన్ దగ్గరికి వెళ్దాం. మన ఊళ్లలో ఎక్కువ షాపుల్లో కనిపించేది ఈ రకమే. గుండ్రంగా తిరిగే బల్ల, దాని మీద వీల్‌ని పట్టుకునే నాలుగు క్లాంపులు, పైనుంచి కిందికి దిగే చెయ్యి, ఆ చేతి చివర ముందుకు వంగిన హెడ్. రేటు అడిగే ముందు ఆ హెడ్ దగ్గరికి వెళ్లి చూడండి. ఇనుము నేరుగా కనిపిస్తోందా, లేక రిమ్‌కి ఆనే చోట నైలాన్ ముక్క ఉందా? ఉంటే అది కొత్తగా ఉందా, అరిగి లోపలి ఇనుము బయటపడిందా? క్లాంపులకు ప్లాస్టిక్ తొడుగులు ఉన్నాయా? ఇవి పెద్ద ఖరీదైన సామాన్లు కావు, అరిగితే మార్చుకునే చిన్న ముక్కలు. వాటిని మార్చని షాపులో కంప్యూటర్ అలైన్‌మెంట్ ఉందని, ఏసీ వెయిటింగ్ హాలు ఉందని బోర్డు ఎంత పెద్దగా పెట్టినా నేను నా వీల్ ఇవ్వను.

క్లాంపు విషయంలో ఇంకో మాట. ఇనుప రిమ్‌ని సాధారణంగా లోపలి నుంచి బిగిస్తారు. అల్లాయ్‌ని తొడుగులు ఉన్న క్లాంపులతో బయటి అంచున పట్టుకోవాలి. పొద్దుటి నుంచి ఇనుప రిమ్‌లే చేస్తున్న కుర్రాడు అదే ఊపులో మీ అల్లాయ్‌ని కూడా లోపలి నుంచి బిగించేయవచ్చు. "తమ్ముడూ, ఇది అల్లాయ్, బయటి నుంచి పట్టు" అని ఒక్క మాట అనండి. కోపంగా కాదు, మామూలుగా. నేను గమనించినంతలో, పక్కన నిలబడి మర్యాదగా చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

అసలు దెబ్బ ఎక్కువగా ఎక్కడ తగులుతుందో చెబుతాను, కాస్త జాగ్రత్తగా వినండి. టైరు లోపలి అంచుని బీడ్ అంటారు. దాని లోపల స్టీలు తీగ ఉంటుంది, అది సాగదు. సాగని చుట్టు తనకంటే పెద్దదైన రిమ్ అంచు మీదుగా దాటాలి. ఎలా దాటుతుంది? రిమ్ మధ్యలో లోతుగా పల్లం ఉంటుంది. ఒక పక్క బీడ్‌ని ఆ పల్లంలోకి నొక్కితే, ఎదుటి పక్క కాస్త వదులు దొరుకుతుంది. ఆ వదులుతోనే టైరు ఎక్కాలి, దిగాలి. బిగుతైన గాజు వేసుకునేటప్పుడు చెయ్యి ముడిచి, సబ్బు రాసి ఎక్కిస్తాం చూడండి, అచ్చం అదే పని. పల్లంలోకి నొక్కకుండా, బీడ్‌కి జారేందుకు రాసే పేస్ట్ రాయకుండా, ఇనుప లివర్‌తో, అంటే టైరు లేపే కడ్డీతో, బలవంతంగా లాగితే ఆ బలమంతా రిమ్ అంచు మీద పడుతుంది. గీత పడేది అక్కడే. ఒక్కోసారి కొత్త టైరు బీడ్ కూడా చిరుగుతుంది. అందుకే పేస్ట్ డబ్బా బయట ఉందా, మూత మీద దుమ్ము పేరుకుని మూలన పడి ఉందా అని కూడా నేను చూస్తాను. లివర్ కింద రిమ్‌కి తగిలించే ప్లాస్టిక్ గార్డులు విడిగా దొరుకుతాయి. ఒక జత డిక్కీలో పడేసుకుంటే మంచిది.

సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు తగ్గేకొద్దీ ఈ పని కష్టమవుతుంది. 195/55 అంటే సైడ్‌వాల్ ఎత్తు దాదాపు 107 మిల్లీమీటర్లు. క్రెటాలో వచ్చే 215/60 ఆర్17 కి అది 129. పొట్టి టైరుకి వంగే గుణం తక్కువ, లివర్‌తో పెనుగులాట ఎక్కువ.

లివర్‌లెస్ మెషిన్లు ఉన్నది ఇందుకే. వాటిలో వీల్‌ని అంచున కాకుండా మధ్య రంధ్రం దగ్గర బిగిస్తారు, లివర్ బదులు మెషిన్ హుక్కే బీడ్‌ని పైకి తీస్తుంది. మీవి 18 అంగుళాల వీల్సో, అంతకంటే పెద్దవో అయితే వెతుక్కుని అలాంటి షాపుకే వెళ్లండి. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి అంత అవసరం లేదు. కొత్త నైలాన్ ముక్క, పేస్ట్, తొందరపడని మనిషి ఉన్న మామూలు మెషిన్‌కే నా ఓటు. మెషిన్ లేకుండా రెండు రాడ్లు, సుత్తితో కానిచ్చే చోటికి మాత్రం అల్లాయ్ ఇవ్వకండి. వాళ్ల పనితనం మీద గౌరవం లేక కాదు, ఇనుప రిమ్ ఓర్చుకున్నట్టు అల్లాయ్ ఓర్చుకోదు.

పాత టైరుని రిమ్ నుంచి విడదీసే పెద్ద బ్లేడు మెషిన్ పక్కన ఉంటుంది. మీ కారుకి టైర్ ప్రెషర్ సెన్సర్లు ఉంటే వీల్ విప్పకముందే చెప్పాలి. సెన్సర్ సాధారణంగా వాల్వుకి వెనకే, లోపల ఉంటుంది. బ్లేడు వాల్వు దగ్గర నొక్కిందంటే సెన్సర్ పోయినట్టే. గాలి పట్టేటప్పుడు బీడ్ 'టప్' మని కూర్చుంటుంది. అలా కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటించకూడదని చాలా టైర్ల మీదే అచ్చు వేసి ఉంటుంది. కూర్చోకపోతే గాలి పెంచుకుంటూ పోకూడదు, గాలి తీసేసి మళ్లీ పేస్ట్ రాయాలి.

బ్యాలెన్సింగ్‌లో సుత్తితో కొట్టి అంచుకి తగిలించే వెయిట్లు వద్దనండి. లోపలి వైపు అతికించేవి అడగండి. వీల్‌ని ముఖం కిందికి పెట్టి సిమెంట్ నేల మీద పడుకోబెట్టనివ్వకండి, పాత రబ్బరు మ్యాట్ అయినా పరవమనండి.

చివరగా నట్లు. ఎయిర్ గన్‌తో 'టర్ర్'మని బిగించేస్తే రెండు నష్టాలు. ఇనుప సాకెట్ తిరుగుతూ నట్టు గుంట చుట్టూ గీకేస్తుంది, బిగింపు ఎంతయిందో ఎవరికీ తెలియదు. ముందు చేత్తో తిప్పాలి, తర్వాత ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి, ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో, అంటే బిగింపు ఎంతో కొలిచే పానాతో. హ్యుందాయ్ మాన్యువల్‌లో బిగింపు 11 నుంచి 13 కిలోగ్రాం-ఫోర్స్ మీటర్లు (kgf·m) అని ఉంటుంది, అంటే సుమారు 108 నుంచి 127 న్యూటన్ మీటర్లు. మీది వేరే కారైతే మీ మాన్యువల్ చూసుకోండి.

వీల్స్ కడిగించి, విప్పకముందే నాలుగింటికీ వాల్వు కనిపించేలా ఫోటోలు తీయండి. డబ్బు కట్టేముందు ఆ ఫోటోలు పక్కన పెట్టుకుని అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి. తేడా ఉంటే అక్కడే చూపించాలి, ఇంటికొచ్చాక చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఇక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగింపు మరోసారి చూపించండి. అప్పుడు కూడా గన్ వద్దు, టార్క్ రెంచే.