కెప్టెన్ చేతిలో కవితల పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

2017 జూన్ 24. ఇంగ్లండ్‌లోని డెర్బీ మైదానం. మహిళల ప్రపంచకప్‌లో మనకు తొలి మ్యాచ్, అదీ ఆతిథ్య జట్టుతో. ఓపెనర్లు ఆడుతున్నారు. తర్వాత దిగాల్సిన కెప్టెన్ మిథాలీ రాజ్ ప్యాడ్లు కట్టుకుని బౌండరీ పక్కన కుర్చీలో కూర్చుంది. టీవీ కెమెరా అటు తిరిగింది. చూస్తే ఆమె చేతిలో కవితల పుస్తకం! తొలి వికెట్ పడేసరికి స్కోరు 144. అప్పుడు దిగి 71 పరుగులు చేసింది. మ్యాచ్ 35 పరుగులతో మనదైంది.

ఇంత టెన్షన్‌లో పుస్తకమేమిటని కొందరు, ఏం నిబ్బరమని కొందరు అన్నారు. ఆమె చెప్పిన కారణం మాత్రం మామూలుదే. బ్యాటింగ్‌కు ముందు కంగారుగా ఉంటుంది, చదువుకుంటే మనసు కుదుటపడుతుంది. అంతే. తోటివాళ్లను హుషారు చేయడానికి చప్పట్లు కొడుతూ, కేకలు వేస్తూ తిరగలేదు. సికింద్రాబాద్‌లో పెరిగిన ఈ అమ్మాయి చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకుంది. తక్కువ మాట్లాడే మనిషి. కెప్టెనయ్యాక కూడా అలాగే ఉంది.

ఇదే ప్రపంచకప్‌లో ఇంకో దృశ్యం. సెమీఫైనల్, ఎదురుగా ఆస్ట్రేలియా. అప్పటికే టీ20 జట్టు కెప్టెన్‌గా ఉన్న హర్మన్‌ప్రీత్ కౌర్ సెంచరీ అంచున ఉంది. రెండో పరుగుకు దీప్తి శర్మ కాస్త తటపటాయించింది. ఇద్దరూ ఎలాగో పరుగు పూర్తిచేశారు, సెంచరీ అయింది. కానీ హర్మన్‌ప్రీత్‌కు సంబరం లేదు. హెల్మెట్ తీసి విసిరికొట్టి, దీప్తి మీద అరిచేసింది. ఆ కోపంతోనే ఆడి 115 బంతుల్లో 171 నాటౌట్! తర్వాత దీప్తికి సారీ కూడా చెప్పింది.

ఒకే జట్టు, రెండు స్వభావాలు. వీటిలో ఏది మంచిదని అడిగితే నేను తేల్చను. ఎందుకంటే రెండింటికీ ఖరీదుంది. అదే ప్రపంచకప్‌లో, లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్‌తో ఫైనల్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 229 కొట్టాల్సి ఉండగా 3 వికెట్లకు 191 దాకా వెళ్లి, 219కే ఆలౌటయ్యాం. 9 పరుగుల తేడా. నెమ్మదస్తుడైన నాయకుడు గెలిస్తే నిబ్బరం అంటారు, ఓడితే చురుకులేదంటారు. ఆవేశపరులకూ అంతే, గెలిస్తే కసి, ఓడితే పొగరు. 2025 నవంబర్ 2న హర్మన్‌ప్రీత్ జట్టు దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచకప్పు అందుకుంది కదా, అయితే ఆవేశమే దారి అనుకోకండి. ఈ ఎనిమిదేళ్లలో మహిళల క్రికెట్‌లోకి డబ్బు వచ్చింది, 2023లో ప్రీమియర్ లీగ్ వచ్చింది, ఫిట్‌నెస్ మారింది. ఆ లెక్క వేరు.

మన ఆఫీసుల్లో, బళ్లలో, పొదుపు సంఘాల్లో జరిగేది ఇంకోటి. నిన్నటిదాకా మనతో కలిసి టీ తాగిన మనిషికి ఇవాళ ప్రమోషన్ వస్తుంది. రేపటికల్లా గొంతు మారిపోతుంది. ఎవరి గొంతు అది? సాధారణంగా పాత బాస్‌ది. ఆ కసురుకోవడం, ఆ సామెతలు, ఫైలు బల్లమీద పడేయడం, అన్నీ ఆయనవే. అరువు చొక్కా భుజాల దగ్గర పట్టేస్తుంది, చూసేవాళ్లకు తెలిసిపోతుంది. అసలు ఆ మనిషికి ప్రమోషన్ ఇచ్చింది తన పాత తీరు చూసే కదా!

అలాగని ‘నా స్వభావమే ఇంత’ అని కూర్చోవడమూ కుదరదు. మిథాలీ కంగారును అలాగే వదిలేయలేదు, పుస్తకం పట్టుకుంది. హర్మన్‌ప్రీత్ కోపాన్ని సమర్థించుకోలేదు, సారీ చెప్పింది. మితభాషికి ఒక చిక్కుంది. మీరు ఆలోచిస్తూ మౌనంగా ఉంటే, ఎదుటివాళ్లు సార్‌కు కోపమొచ్చిందనుకుంటారు. ‘రెండు రోజులు ఆలోచించి చెబుతాను’ అని పైకి అనేస్తే వాళ్లకు సగం బెంగ తగ్గుతుంది. కోపిష్ఠికి వేరే చిక్కు. తప్పు జరిగిందన్న కబురు అతనికే చివర చేరుతుంది.

మీ సంగతేమిటో తెలియాలంటే మీ కింద పనిచేసేవాళ్లలో కాస్త ధైర్యమున్న ఒకరిని అడగండి. ‘చెడు కబురు నాకు చెప్పాల్సి వస్తే ముందు ఏం ఆలోచిస్తావమ్మా?’ అని. జవాబు వచ్చాక వెంటనే సంజాయిషీ మొదలుపెట్టకండి, పూర్తిగా చెప్పనివ్వండి.

నమస్కారం.