టీ బంకు నుంచి కాఫీ మిషన్ దాకా

కెఫేలో కాఫీ చేసే పని నేర్చుకోవాలని వచ్చిన అందరికీ నమస్కారం. ఇందాక నన్ను 'కాఫీ నిపుణుడు' అన్నారు. మా అమ్మ వింటే నవ్వుతుంది. ఇంట్లో స్టవ్ మీద పాలు పొంగబెట్టి తిట్లు తిన్నవాణ్ణి నేను.

డిగ్రీ అయ్యాక బెంగుళూరులో ఒక కెఫేకి వెళ్తే "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అన్నారు. లేదని తల దించుకున్నా. అక్కడే దెబ్బతిన్నా. మన అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర మా మామ టీ బంకులో సెలవులన్నీ గ్లాసులు అందించినవాణ్ణి. ఉగ్గాని బజ్జీ తినొచ్చేవాళ్ళలో ఎవరికి చక్కెర తక్కువో, ఎవరికి స్ట్రాంగో, ఎవరి బాకీ ఎంతో నోటికొచ్చు. అది అనుభవం కాదా? రెండో చోట అదే చెప్పా, హెల్పర్‌గా పెట్టుకున్నారు.

నెలరోజులు కప్పులు కడిగా, మిషన్ ముట్టనివ్వలేదు. కడుగుతూనే చూశా. మనింటి ఫిల్టర్లో డికాక్షన్ ఎంతసేపు దిగినా అడిగేవాళ్ళు లేరు. అక్కడ మిషన్ సుమారు 9 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడితో పొడిలోంచి నీళ్ళు తోస్తుంది. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల ఎస్‌ప్రెస్సో, అంటే చిక్కటి కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. ఇది మామూలు లెక్క, గింజను బట్టి కాస్త మారుతుంది. 15 సెకన్లకే దిగిపోతే పులుపు, పొడి ఇంకా మెత్తగా పట్టాలి. 40 దాటితే చేదు, కాస్త బరకగా పట్టాలి. మిషన్ ఎంత ఖరీదైనదైనా గింజలు పొడి పట్టే గ్రైండర్ తెలియనివాడి చేతిలో దండగే.

పాల సంగతి చెవితో నేర్చుకోవాలి. ఆవిరి గొట్టం కొస పాల పైన తగిలీ తగలనట్టుంటే మొదట కాగితం చింపినట్టు చప్పుడు వస్తుంది. ఆ తర్వాత కాస్త ముంచి, పాలు సుడి తిరిగేలా పట్టాలి. జగ్గు అరచేతికి ఓర్చుకోలేనంత కాలితే ఆపేయాలి, అది దాదాపు 60 నుంచి 65 డిగ్రీలు. 70 దాటితే పాల తీపి పోతుంది. గొట్టాన్ని వెంటనే తడిగుడ్డతో తుడవాలి, లేదంటే పాలు అట్టకట్టి రేపటికి కంపు. నురగ మీద ఆకు బొమ్మా? ఫోన్లో చూసి అందరూ ముందు అదే అడుగుతారు. నాకు ఏడాది పట్టింది.

పని అడగడానికి పొద్దున రద్దీలో వెళ్ళొద్దు, మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళండి. జీతం, షిఫ్టు, సెలవు ముందే మాట్లాడుకోండి. బెంగుళూరులో కాఫీ బోర్డు 'కాపీ శాస్త్ర' పేరుతో శిక్షణ ఇస్తుంది, వీలైతే చేరండి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మీరు తెలుగోళ్ళని తెలిస్తే కస్టమర్లు దాని గురించే అడుగుతారు.

వెనక టేబుల్ మీద చిన్న మిషన్ పెట్టా, రెండు లీటర్ల పాలున్నాయి. ముందు ఎవరొస్తారు? చేతులు కడుక్కుని రండి.